వార్త కాని మాటలు

నీళ్లు ఏ రోజు వస్తాయో చెప్పడం వార్త కాదు. కరెంటు ఏ వేళకు పోతుందో చెప్పడం వార్త కాదు. పండగలు, పరీక్షలు, వాటి ఫలితాలు, కాలేజీ సీట్లు, ఉద్యోగ ప్రకటనలు, వాన కబురు, రోగాలొచ్చినప్పుడు చేసే హెచ్చరికలు, ఇవేవీ వార్తలు కావు. ఈ మాట నాది కాదు, భారత ప్రభుత్వానిది. ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదని నిబంధన పెట్టారు. మరి ఏం చెప్పుకోవచ్చు అని అడిగితే, 2011లో వచ్చిన మూడో దశ ఎఫ్.ఎం. విధానంలో ఈ జాబితా రాసిచ్చారు. సముదాయ రేడియోలకు 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం ఉన్నవి ప్రసారం చేయకూడదని ఉంది.

మా ఆలూరును ఎరిగినవాళ్లెవరైనా ఈ జాబితా చదివితే ముందు నవ్వొస్తుంది. కర్నూలు జిల్లాకు పడమటి అంచున, బళ్లారికి దగ్గరగా ఉన్న ఊరు మాది. పక్కన పారే వేదవతిని హగరి అంటారు. పారేది ఎన్ని రోజులో మాత్రం అడక్కండి. అలాంటి చోట కొళాయికి నీళ్లొచ్చే రోజుకంటే పెద్ద వార్త ఏముంటుంది? కానీ జాబితాను రెండోసారి చదివితే నవ్వు ఆగిపోతుంది. నీళ్లు 'ఎప్పుడు' వస్తాయో చెప్పుకోవచ్చు. 'ఎందుకు' రాలేదో అడిగితే అది వార్తయిపోతుంది. పైపు పగిలింది అనవచ్చు. పైపు ఎవరి వీధి దాకా వేశారు, ఎవరి వీధి ముందర ఆపేశారు అంటే వర్తమాన వ్యవహారం. 'ఎప్పుడు' అన్న మాటతో బిందెలు వరసలో పెట్టుకోవచ్చు. 'ఎందుకు' అన్న మాటతో ఎవరినైనా నిలదీయవచ్చు. మనకు మొదటిది మాత్రమే ఇచ్చారు.

ఇది ఢిల్లీ పెట్టిన హద్దు. ఇంట్లో పెట్టిన హద్దు ఇంకొకటుంది. అది ఇంకా పాతది. మొగుడు కొట్టాడు, మామ చెయ్యి పట్టుకున్నాడు, మూడోసారీ ఆడపిల్లేనని అత్త అన్నం పెట్టలేదు... ఇవి బయట చెప్తే 'ఇదేమన్నా ఊరికి చెప్పుకునే వార్తా?' అంటారు. ఇంటి గుట్టు అంటారు. తమాషా చూడండి, ప్రభుత్వం 'ఇది వార్త, కాబట్టి మాట్లాడొద్దు' అంటుంది. ఇల్లు 'ఇది వార్త కాదు, కాబట్టి మాట్లాడొద్దు' అంటుంది. ఈ రెండింటి మధ్య ఆడదాని గొంతుకు మిగిలిన స్థలం ఎంత? విత్తనాలు, వంటలు, టీకాలు, పాటలు. ఆ కాస్త స్థలంలో నిలబడి ఆడవాళ్లు ఏం చేశారు, ఇంకా ఏం చేయగలరు అన్నదే నన్ను చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న.

మా చిన్నప్పుడు ఊళ్లో పెద్ద గొంతులు కొన్నే. గుడి మైకు, మసీదు మైకు, ఎన్నికలప్పుడు జీపు మైకు. వీటికంటే ముందునుంచీ ఉన్నది సాటింపు. పంచాయతీ పన్ను కట్టమనో, సంత మారిందనో, దేవర చేస్తున్నామనో తప్పెట కొట్టి వీధి వీధికీ చెప్పేవాడు మాదిగ తాత. ఊరంతటికీ వినపడే గొంతు ఆయనదే. కానీ ఆ గొంతులోంచి ఆయన మాట ఒక్కటీ వచ్చేది కాదు. అన్నీ పెద్దమనుషుల మాటలే. తన వాడలో బావి ఎండిపోయిందని తప్పెట కొట్టి చెప్పే హక్కు ఆయనకు లేదు. గొంతు ఉండటం వేరు, మాట ఉండటం వేరు అని నాకు మొదట తెలిసింది ఆయన్ను చూసే. అప్పట్లో ఇంత స్పష్టంగా కాదులెండి. సాటింపు వేసేటప్పుడు పెద్దగా ఉండే గొంతు మా అరుగు ముందర నీళ్లడిగేటప్పుడు అంత చిన్నదైపోతుందేమని మాత్రం అనిపించేది.

తర్వాత రేడియో. ఆలిండియా రేడియో కడప కేంద్రం 1963లో మొదలైంది. మా ఊరికి గాల్లో లెక్కేస్తే సుమారు 200 కిలోమీటర్లు. అయినా 900 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్ కాబట్టి ఆ అలలు నేల పట్టుకుని గుట్టలు దాటి మా వంటింటి గూట్లోకొచ్చేవి. మీడియం వేవ్‌లో ఒక విచిత్రం ఉంది. ఎఫ్.ఎం.కి టవరు ఒట్టి నిచ్చెన లాంటిది, దాని కొసన కట్టిన ఏంటెనా మాట్లాడుతుంది. మీడియం వేవ్‌లో అలా కాదు. నిలబడ్డ ఇనుప స్తంభమే ఏంటెనా. కింది నుంచి పై దాకా మొత్తం అదే మాట్లాడుతుంది, ముట్టుకుంటే ప్రాణం తీస్తుంది. అందుకే చుట్టూ కంచె ఉంటుంది. అంత పెద్ద గొంతుకు చెవులు లేవు. విని ఊరుకోవడానికి కూడా ఒకప్పుడు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సి వచ్చేది. 1980లలో ఎత్తేసేదాకా మా నాయన ఆ పుస్తకాన్ని రేషన్ కార్డు పక్కనే దాచేవాడు.

పొలం కబుర్లు 'రైతు సోదరుల'కు చెప్పేవాళ్లు. కలుపు తీసేదీ, బుడ్డలు ఒలిచేదీ, విత్తనం దాచేదీ మా అవ్వలు. వాళ్లకు మధ్యాహ్నం వేరే కార్యక్రమం. అందులో పచ్చళ్లు, పిల్లల పెంపకం, ఒక నాటిక, శ్రోతల ఉత్తరాలు. నాకు ఇప్పుడు ఎంత కోపమున్నా ఆ మధ్యాహ్నాలను తీసిపారేయలేను. ఎందుకో చెప్తాను.

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా వీధిలో ఉత్తరాలు రాసిపెట్టే పని నాదే. పక్కింటి అక్క ఒకరోజు తలుపు దగ్గరగా వేసి, రేడియోకి ఉత్తరం రాయమంది. ఆమెకు గర్భసంచి జారింది. రెండో కానుపయిన పదిహేనో రోజునే గడ్డిమోపు మోసిందట. మొగుడికి చెప్పలేదు, అత్తకు చెప్పలేదు, ఆసుపత్రికి పోతే ఎందుకని అడుగుతారు. కింద ఊరి పేరు రాయబోతుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఆలూరని రాయొద్దు పాపా. ఆలూరంటే నేనేనని పట్టేస్తారు. గుంతకల్లని రాయి." పేరు కూడా మార్చాం.

నెల దాటాక ఆ ఉత్తరం చదివారు. అప్పటికి నలుగురైదుగురు ఆడవాళ్లు బుడ్డలు ఒలుస్తా కూర్చున్నారు, ఆమె కూడా ఉంది. ఒక డాక్టరమ్మ జవాబు చెప్పింది. బరువులెత్తొద్దు, సిగ్గుపడి దాచొద్దు, దీనికి వైద్యం ఉంది అని. బరువులెత్తకుండా మా వైపు ఆడమనిషి ఎట్లా బతుకుతుందో ఆ డాక్టరమ్మ చెప్పలేదు. కార్యక్రమం అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె, "నాకున్నట్లే ఉంది చూడు ఆ గుంతకల్లు ఆయమ్మకి" అంది. ఇంకొకామె, "మా చిన్నమ్మకూ అంతే, సచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు" అంది. వారం రోజులు మా వీధిలో గుంతకల్లు ఆయమ్మ గురించే మాటలు. ఆయమ్మ ఏం చేయాలి, మొగుడికి ఎట్లా చెప్పాలి, ఆదోని పోవాలా బళ్లారి పోవాలా. పక్కింటి అక్క కూడా అందరితోపాటు ఆమెకు సలహాలిచ్చింది! రెండేళ్లకు ఆదోని పోయి ఆపరేషన్ చేయించుకుంది. తోడు పోయింది "నాకున్నట్లే" అన్న ఆమే.

ఆ పెద్ద స్తంభం మా మాట వినేది కాదన్నది నిజం. కానీ మమ్మల్ని గుర్తుపట్టేదీ కాదు. 200 కిలోమీటర్ల దూరం ఒక పరదా లాగా పనిచేసింది. ఆ పరదా చాటున లేని మనిషినొకదాన్ని పుట్టించుకుని, ఆమె మీద పెట్టి మా ఆడవాళ్లు తమ ఒళ్ల గురించి మాట్లాడుకున్నారు. దూరాన్ని దయ అనను. దాని వల్ల ఒక మేలు జరిగింది, అంతే.

ఈ లోపల రేడియోలో ఆడగొంతులు పెరిగాయి. మన సీమలోనే మదనపల్లెలో పుట్టిన జోలెపాళెం మంగమ్మ, ఢిల్లీ నుంచి ఆలిండియా రేడియోలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ. ఆమె పేరు గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయినా వార్తలు చదవడం, వార్త ఏదో తేల్చడం రెండూ ఒకటి కావు. ఇంకొకరు రాసి ఇచ్చిన కాగితాన్ని తప్పు లేకుండా చదివే బాధ్యత ఆడదానికి దక్కింది. ఆ కాగితం మీద ఏముండాలో నిర్ణయించే కుర్చీ చాలాకాలం దూరంగానే ఉండింది. చదువుకున్న మంగమ్మగారినీ సాటింపు తాతనూ ఒక్క తాటికి కట్టడం ఇద్దరికీ అన్యాయమే. కానీ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను.

మా జిల్లాలోనే ఆ కుర్చీ కోసం ఒక ప్రయత్నం జరిగింది. ఓర్వకల్లు మండలంలో పొదుపు సంఘాలు 1990ల నుంచే బలంగా ఉన్నాయి. అక్కడి ఆడవాళ్లు 2002లో చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి పెట్టుకుని 'మన రేడియో' అని మొదలుపెట్టారు. ఊరు దాటి పెద్దగా పోని ప్రసారం. నెలలు తిరక్కుండానే, 2003లో, లైసెన్సు లేదని కేంద్ర అధికారులొచ్చి మూయించారు. వాళ్ల చేతిలో ఉన్నది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తెల్లదొర తన తంతి తీగలు కాపాడుకోవడానికి రాసుకున్న చట్టం ఓర్వకల్లు ఆడవాళ్ల దాకా వచ్చింది. దాని స్థానంలో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం తెచ్చింది 2023లో మాత్రమే. ఇప్పుడు ఓర్వకల్లులో విమానాశ్రయముంది, 2021లో ప్రారంభమైంది. ఆ ఆకాశంలో పైలట్లు రోజూ రేడియోలో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆ ఊరి మీదుగా పోయినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. తీర్పు ఇచ్చిన ముగ్గురిలో జస్టిస్ పి.బి. సావంత్, మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. కేసు ఆడవాళ్లదీ కాదు, పల్లెలదీ కాదు. క్రికెట్ పోటీల ప్రసారం ఎవరు చేసుకోవాలన్న తగాదా! ఏదైతేనేం, ఆ తీర్పు పట్టుకునే 2000లో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో కూర్చుని సముదాయ రేడియో కావాలని ప్రకటన చేశారు. 2002 చివర్లో ప్రభుత్వం కాస్త దిగి, విద్యాసంస్థలకు మాత్రం ఇస్తామంది. 2004లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో మొదటిది వచ్చింది. పల్లెల్లోని సంఘాలకు 2006 నవంబరు దాకా తలుపు తెరవలేదు. చదువుకున్నవాళ్లు ముందు మాట్లాడాలి, చదువు లేనివాళ్లు నాలుగేళ్లు ఆగాలి అన్నమాట. కోలారు జిల్లా బూదికోటలో తెలుగూ కన్నడమూ కలిసి మాట్లాడే జనం ఈ లోపల 'నమ్మ ధ్వని' కార్యక్రమాలను గాలిలో పంపే వీలు లేక కేబుల్ తీగలోంచి ఇళ్లకు పంపుకున్నారు. గాలి ప్రజలదని కోర్టు అన్న తర్వాత కూడా ప్రజలు తీగ పట్టుకుని వేలాడాల్సి వచ్చింది.

అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని మాచునూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలోనే రేడియో గది కట్టుకున్నారు. పదేళ్లు అనుమతి రాలేదు. ఆ పదేళ్లూ వాళ్లు టేపుల మీద రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల దినాన, సంగం రేడియో 90.4 మీద గాలిలోకొచ్చింది. ప్రారంభించడానికి వచ్చింది ఆ జస్టిస్ సావంతే. నడిపేది ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. దళిత స్త్రీలు. విత్తనాలు, చిరుధాన్యాలు, పండగలు, వైద్యం, పాటలు, అన్నీ జహీరాబాద్ వైపు మాట్లాడే మాటలోనే. రేడియో భాష అంటే కృష్ణా గుంటూరు భాష అని చెవులకు అలవాటైపోయిన మాకు ఇది చిన్న సంగతి కాదు.

నిబంధనల ప్రకారం ఇలాంటి కేంద్రం టవరు 30 మీటర్లు మించకూడదు. శక్తి 100 వాట్లు. పెద్ద బల్బంత. ఆ టవరు మీదున్న గొంతు చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల దాకా పోతుంది. అంటే వినేవాళ్లంతా ఆ గొంతును ఎరిగినవాళ్లే. ఏ ఇంటి కోడలు, ఏ వాడ మనిషి, ఎవరి పొలంలో కూలికి పోతుంది అన్నీ తెలిసినవాళ్లే. నా కష్టమంతా ఇక్కడే మొదలైంది. చిన్న టవరు మన మాట వింటుంది. కానీ మనల్ని గుర్తుపడుతుంది. ఇక్కడ గుంతకల్లు ఆయమ్మ ఉండదు. ఎంత పేరు మార్చినా గొంతు మారదు.

మా ఆలూరు, హొళగుంద, హాలహర్వి వైపు బసివిని వదలడమనే ఆచారం ఎన్ని బతుకులు తిన్నదో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. దేవుడి పేరు మీద పిల్లను విడవడాన్ని నిషేధిస్తూ 1988లో రాష్ట్రం చట్టం చేసింది. అట్లా విడిచిన ఒక ఆడమనిషి చిన్న టవరు ముందర మైకు పట్టుకుందనుకోండి. ఆమె బిడ్డకు తండ్రి ఎవరో టవరు చుట్టూ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. ఆయన పెళ్లాం బిడ్డలకూ తెలుసు. మరి ఆమె చెప్పేది వార్తేనా? తెలియనిది తెలియజేయడమే వార్త అని మనకు పాఠాల్లో చెప్తారు. ఆ లెక్కన పల్లెల్లో ఆడవాళ్ల మీద జరిగేది ఏదీ వార్త కాదు, ఎందుకంటే అన్నీ అందరికీ ముందే తెలుసు. గోడ అవతల దెబ్బల చప్పుడు వింటూనే ఉంటారు. లోపమున్నది తెలియడంలో కాదు, అనడంలో. అందరూ ఎరిగి ఎవరూ అనని మాటను ఒకరు పైకి అన్నరోజు ఊరు మారుతుంది. అప్పటిదాకా 'నాకు తెలీదు' అని తప్పుకునే వీలుంటుంది, తర్వాత ఉండదు. ఊరి వార్త అంటే నాకు అర్థమయ్యేది ఇదే. ఈ అర్థంలో చూస్తే ఢిల్లీ నిషేధమూ ఇంటి నిషేధమూ రెండు కావు, ఒకటే.

అయితే ఆ మాట అన్న మనిషి మరునాడు పొద్దున కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడాలి కదా. ధైర్యంగా మాట్లాడండమ్మా అని పట్నం నుంచి వచ్చి చెప్పేవాళ్ల మీద నాకు చిరాకు. మైకు ముందర ఒక్కదాన్ని నిలబెట్టి 'గొంతు విప్పింది' అని మనం చప్పట్లు కొట్టి బస్సెక్కేస్తాం. ఆమె మాత్రం ఆ టవరు నీడలోనే ఉండాలి. మాట్లాడమనే హక్కు మనకెక్కడిది, ఆమె పక్కన కాపలా ఉండే ఓపిక మనకు లేనప్పుడు? మాచునూరు సంగతిలో నాకు నచ్చింది టవరు కాదు, దాని ముందరున్న కాలం. 1980ల నుంచీ సంఘాలు కట్టుకుని, చేన్లు కౌలుకు చేసుకుని, విత్తనాలు దాచుకుని, పదేళ్లు టేపులు తమలో తాము విని విమర్శించుకుని, ఆ తర్వాత గాలిలోకొచ్చారు. గొంతు ఒక నర్సమ్మది అయినా వెనక పేర్లు చాలా ఉన్నాయని వినేవాళ్లకు తెలుసు. పరదా ఇవ్వలేని చిన్న టవరుకు ఆ గుంపే పరదా.

నాతో చాలామంది ఇంకో మాట అంటారు. వార్తలకు అనుమతిస్తే మీ సీమలో ఆ టవరు ఎవరి చేతికి పోతుంది? ఫ్యాక్షన్ నాయకుడి చేతికి కాదా? ఈ మాటలో సినిమాలు చూసి వచ్చిన భయం కొంత ఉంది, దాన్ని పక్కన పెడతాను. నిజమూ ఉంది. ఒక ఊళ్లో ఒకే మైకు ఉంటే అది పెద్దరికం ఉన్నవాడి అరుగు మీదికే నడుస్తుంది. 'ఫలానా ఆమె ఇట్లాంటిది' అన్న పుకారు టవరెక్కితే దాన్ని దించడం ఎవరి తరమూ కాదు. ఆడదాని మీద అభాండం కూడా వార్త వేషంలోనే వస్తుంది. కాబట్టి కట్టుబాటు అక్కర్లేదని నేననను. పేరు తీసేముందు ఆ మనిషిని అడగాలి. ఆరోపణ వచ్చినవాడి మాటా వినిపించాలి. కొట్టినవాడి పేరు దాచి, దెబ్బలు తిన్న ఆమె పేరు బయటపెట్టే పద్ధతి మానాలి. ఇవి వార్త ఎట్లా చెప్పాలో నేర్పే కట్టుబాట్లు. అసలు చెప్పొద్దనడం వేరు. ఆ నిషేధం ఎవరిని ఆపింది? డబ్బున్న నాయకులు పత్రికలు పెట్టారు, టీవీ ఛానళ్లు పెట్టారు, వాటిలో రాత్రింబగళ్లు వార్తలే. ఎవరినీ ఆపని నిబంధన 100 వాట్ల దగ్గరకొచ్చి ఆగింది. ఈ నిషేధాన్ని ప్రశ్నిస్తూ కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ పిటిషన్‌లో ప్రైవేటు ఎఫ్.ఎం.లతో పాటు సముదాయ రేడియోల మాటా ఉంది.

ఇప్పుడు ప్రతి చేతిలో సెల్లుంది కదా, రేడియో ఎవరికి కావాలి అనేవాళ్లకు ఒక్కమాటే. మా వీధిలో సెల్లు ఇంటికొకటి ఉంటే అది మొగవాడి జేబులో ఉంటుంది. ఊళ్లో సెల్ టవరుకు స్థలమిచ్చి నెల నెలా అద్దె తీసుకునేది కూడా మొగవాళ్లే. పాత రేడియో వంటింటి గూట్లో ఉండేది, చేతులు ఖాళీ లేకపోయినా చెవులకు వినపడేది.

ఆలూరులో ఒక చిన్న టవరు పెట్టాలంటే ఏ భాషలో మాట్లాడాలి? తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ, తండాల్లో లంబాడీ. అది తేల్చుకోవచ్చు, నాలుగింటిలోనూ మాట్లాడవచ్చు. తేలనిది ఇంకొకటుంది. సముదాయం అంటే టవరు చుట్టూ ఉన్నవాళ్లని ప్రభుత్వ లెక్క. గుండ్రంగా గీత గీసి, లోపలున్నవాళ్లు మీరు అంటుంది. మా వైపు పంట చేతికొచ్చినా రాకపోయినా జనం సుగ్గికి పోతారు. ఇళ్లకు తాళాలేసి, మంచాలు, పొయ్యి సామాన్లు లారీకెత్తి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. కొందరు బెంగుళూరులో కట్టడం పనికి. ఊళ్లో మిగిలేది అవ్వలు, బడికి పోయే పిల్లలు, కొందరు బడి మాని పోయినవాళ్లు. నెలల తరబడి ఆ గుండ్రటి గీత లోపల ఆ సముదాయమే ఉండదు. మిరప చేలల్లో కూలి ఎంత ఇచ్చారు, ఎంత ఎగ్గొట్టారు, రాత్రి గుడిసెల దగ్గరికి ఎవరొచ్చారు, ఘాటుకు ఏ పసిబిడ్డ కళ్లు వాచాయి, ఇవన్నీ మా ఊరి వార్తలే. జరిగేది మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో. అక్కడి టవరుకు వాళ్లు పరాయివాళ్లు, ఇక్కడి టవరుకు అందనివాళ్లు.

ఆ మాట ఒకసారి సుగ్గి నుంచి తిరిగొచ్చిన ఒకామెతో అన్నాను. మీకోసం రేడియో పెడితే ఎక్కడ పెట్టాలి అని. ఆమె లారీలోంచి దించిన మిరపకాయల మూట విప్పుతా ఉంది. తలెత్తకుండానే, "లారీకి పెట్టమ్మా" అంది.